కెనడాలో ఆదివాసీ న్యాయంపై పరిశోధన: ముందుగా తెలుసుకోవలసినవి

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కెనడాలో ఎల్‌ఎల్‌ఎం చేరి ఆదివాసీ న్యాయంపై పరిశోధన చేయాలని ఉంది. ఆ చదువు ఎలా ఉంటుంది? తర్వాత అక్కడే లాయరుగా పనిచేయవచ్చా?

జవాబు: దరఖాస్తు రాయకముందే ఒక తేడా గ్రహించండి. ఆదివాసుల విషయంలో కెనడా ప్రభుత్వం, కోర్టులు ఏర్పరచిన చట్టం ఒకటి. 1982 నాటి రాజ్యాంగ చట్టంలో ఆదివాసుల హక్కులను గుర్తించే 35వ సెక్షన్, దానిపై వెలువడిన తీర్పులు ఈ కోవలోకి వస్తాయి. క్రీ, గిట్‌సాన్ వంటి జాతులు భూమి, బంధుత్వం, తగవుల పరిష్కారం విషయాల్లో తరతరాలుగా పాటిస్తున్న సొంత చట్టం మరొకటి. మొదటిదాన్ని కాన్‌లీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో తీర్పులు వెదికి చదువుకోవచ్చు. రెండోది చాలావరకు కథల్లో, పాటల్లో, పెద్దల జ్ఞాపకాల్లో ఉంటుంది కాబట్టి దానిని పరిశోధించడానికి వేరే శిక్షణ కావాలి.

డెల్గముక్ కేసు చూస్తే ఇది బోధపడుతుంది. గిట్‌సాన్, వెట్‌సువెటెన్ జాతులు తమ భూమిపై హక్కు కోరుతూ వేసిన ఆ దావాలో మేరీ జాన్సన్ అనే గిట్‌సాన్ పెద్దావిడ తమ వంశచరిత్రలో భాగమైన పాటను సాక్ష్యంగా పాడబోతే, అది తనకు పాడి వినిపించినందువల్ల ప్రయోజనం లేదని, రాసి ఇవ్వకూడదా అని జడ్జి అడిగారు. 1991లో వారి దావా వీగిపోయింది. 1997 డిసెంబరు 11న సుప్రీంకోర్టు మౌఖిక చరిత్రకు రాతపూర్వక ఆధారాలతో సమాన స్థానం ఇవ్వాలని చెప్పి, కేసును తిరిగి విచారించాలని ఆదేశించింది. ఈ తీర్పును పూర్తిగా చదవండి. ఆసక్తి చివరిదాకా నిలిస్తే ఈ చదువు మీకు తగినదేనని నా అభిప్రాయం.

విక్టోరియా విశ్వవిద్యాలయం 2018లో కామన్ లాను (కోర్టు తీర్పుల ద్వారా రూపొందిన ఇంగ్లీషు తరహా న్యాయాన్ని), ఆదివాసీ న్యాయాన్ని కలిపి బోధించే నాలుగేళ్ల జంట డిగ్రీని ప్రారంభించింది. ఎల్‌ఎల్‌బీ ఉన్న మీరు పరిశోధనే కోరుకుంటే థీసిస్‌తో కూడిన ఎల్‌ఎల్‌ఎం సరిపోతుంది. అయితే పెద్దలను కలిసి వివరాలు సేకరించాలంటే విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా మండలి అనుమతితో పాటు ఆ జాతి సమ్మతి కూడా పొందాలి. నమ్మకం కుదరడానికి నెలలు పట్టవచ్చు. అందువల్ల ఎల్‌ఎల్‌ఎంలో తీర్పులు, ప్రచురితమైన కథనాల ఆధారంగా అంశాన్ని ఎంచుకుని, క్షేత్ర పరిశోధనను పీహెచ్‌డీకి ఉంచుకోవడం మేలు.

ఎల్‌ఎల్‌ఎం ఒక్కటే లాయరు అర్హత ఇవ్వదు. మీ ఎల్‌ఎల్‌బీని నేషనల్ కమిటీ ఆన్ అక్రెడిటేషన్ పరిశీలించి సూచించిన సబ్జెక్టులు పూర్తి చేశాక, మీరు పనిచేయదలచిన ప్రావిన్సులో లాయర్లకు అనుమతినిచ్చే లా సొసైటీ షరతులను కూడా నెరవేర్చాలి. ఆ ఖర్చును, కాలాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకోండి.