స్కోరు ఎంత, తమ్మీ?

తమ్మీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కబడ్డీ కామెంటరీ రెండుసార్లు విన్నాను. గొంతు బాగుంది, ఊపు ఉంది. కానీ ఆరు నిమిషాల్లో స్కోరు ఒక్కసారే చెప్పావు. అప్పుడే బస్సు దిగి వచ్చినవాడికి ఎవరు గెలుస్తున్నారో ఎట్లా తెలియాలి? గ్రౌండ్ మైకైనా రేడియో అయినా రెండు మూడు రైడ్లకోసారి స్కోరు పడాల్సిందే. టీవీలో అయితే తెర మీదే కనిపిస్తుంది కాబట్టి కాస్త నోరు కట్టుకోవచ్చు.

ఇంకోటి, "అద్భుతం" తొమ్మిదిసార్లు అన్నావు. లెక్కపెట్టాను. "అవతల ఏడుగురున్నారు, రైడర్ ఎడమ కాలు బోనస్ గీత దాటింది, వెనక కాలు గాల్లో ఉంది" అని చెప్పు చాలు, బోనస్ పాయింట్ వచ్చినట్టే. ఆ అద్భుతమేదో జనమే అంటారు.

నేనూ బోల్తా పడ్డవాణ్ణే. ఒక ఊరి టోర్నమెంట్ ఫైనల్లో ఆట నడుస్తుండగానే చందాలిచ్చినవాళ్ల పేర్లు చదవమని చీటీ చేతిలో పెట్టారు. (పెడతారు, నీకూ పెడతారు.) చదువుతూ రైడ్ల లెక్క మరిచిపోయాను. వరసగా పాయింట్ రాని రెండు ఖాళీ రైడ్లయ్యాక మూడోది డూ ఆర్ డై కదా, పాయింట్ తేకపోతే రైడరే ఔట్. వాడు ఉత్త చేతులతో తిరిగొస్తే నేను "క్షేమంగా వచ్చాడు" అన్నాను. గ్రౌండంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి ఒక్కో జట్టుకు ఒక్కో గడి గీసుకుని, ఖాళీ రైడ్ కాగానే టిక్కు పెడతాను. పాయింట్ వస్తే కొట్టేస్తాను.

ఇంటి దగ్గర చేసుకునే పని ఇంకా ముఖ్యం. 2021 సెప్టెంబర్‌లో మన హనుమకొండ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. 1500 మీటర్లలో హర్‌మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగు ముగించింది. 2002లో సునీతారాణి పెట్టిన 4:06.03 జాతీయ రికార్డు ముందే రాసుకుని ఉన్నవాడికి చివరి రౌండ్ గంట మోగగానే గుండె దడదడలాడాలి. రాసుకోనివాడికి ఒక అమ్మాయి ముందు పరుగెత్తుతోంది, అంతే. అట్లాగే మన కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. అది టీ20 విభాగం. ఇక్కడ టీ20 అంటే క్రికెట్ కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల పోటీ. ఇది మైక్ ముందు కూర్చున్నాక వెతుక్కునే సంగతి కాదు.

సంపాదన అడిగావు. మొదట్లో ఉండదు, ఉన్న ఉద్యోగం వదలకు. ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ల (అవసరమైన రోజుల్లో మాత్రమే పిలిచేవాళ్ల) నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టు.

ఈ ఆదివారం మ్యాచ్‌కు టీవీ సౌండ్ తీసెయ్. మీ నానమ్మను తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టి నువ్వు చెప్పు. పది నిమిషాలయ్యాక స్కోరెంతో ఆమెనే అడుగు. ఆమె ఏం చెప్పిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అన్న