రేడియోకి ఫోన్ చేసినవాళ్లతో ఆర్జేలు ఎందుకలా మాట్లాడతారు?

మాట పూర్తి కాకుండానే ఫోన్ కట్ చేశాడు, ఆర్జేలకి అంత పొగరా అని అడిగారు కదా. కట్ చేయడం పెద్ద తప్పేం కాదండీ, నాకు ఒళ్లు మండేది వేరేదానికి.

మాది నెల్లిమర్ల, అమ్మ పుట్టిల్లు సోంపేట. తమ్ముడి పుట్టినరోజుకి పాట వేయమని అమ్మ ఓ ప్రైవేటు ఎఫ్ఎంకి (పేరెందుకు లెండి) ఫోన్ చేసింది. "ఈరోజు మా గుంటడి పుట్టినరోజు బాబూ" అనగానే ఆర్జే "గుంటా? ఎంత లోతు తవ్వారండీ?" అని ఒకటే నవ్వు. మా వైపు పిల్లాణ్ణి గుంటడు అంటారని విశాఖలో కూర్చున్న మనిషికి తెలీదంటే నేను నమ్మను. అమ్మ కూడా నవ్వేసింది పాపం. ఆ తర్వాత ఆవిడ "ఏటి" అన్న ప్రతిసారీ దాన్ని సాగదీసి మళ్లీ అన్నాడు. మధ్యలో కట్ చెయ్యలేదు మరి, నాలుగు నిమిషాలు మాట్లాడాడు! పోనీ లైవ్‌లో నోరు జారాడా అంటే అదీ కాదు, సాయంత్రం వేశారు, అంటే తీరిగ్గా ఎడిట్ చేసి ఆ ముక్కలే ఉంచారు.

ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు ఇవ్వకూడదు, కాబట్టి పాటల మధ్య నవ్వించడానికి ఫోన్ చేసినవాళ్లే దొరుకుతారు. పైగా మామూలు ఫోన్ లైన్లో గొంతు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే వెళ్తుంది, అందుకే మనది పీలగా, స్టూడియో మైకులో ఆయనది నిండుగా వినిపిస్తుంది. చాలాచోట్ల ఆయన నోరు తెరవగానే మన సౌండ్ దానంతటదే తగ్గిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది. ఎంత అరిచినా గెలవం.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మావయ్య కొబ్బరితోట సగం పడిపోయింది. కరెంటొచ్చాక ఆకాశవాణి వ్యవసాయం ఫోన్-ఇన్‌కి చేశాడు. "ముందు మీ రేడియో సౌండ్ తగ్గించండి, గుయ్యిమంటోంది" అని కార్యక్రమం నడిపే ఆవిడ కసిరింది. కష్టమంతా చెప్పుకోబోతే ఆపి, "మొవ్వు బాగుందా, విరిగిందా, అది చెప్పండి" అంది. మొవ్వంటే చెట్టు తలలో ఉండే లేత చిగురు. మొవ్వు బాగున్న చెట్లు తేరుకుంటాయి, నరకొద్దు అన్నారు పక్కనున్న శాస్త్రవేత్త. అంతే, ఫోన్ పెట్టేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మావయ్య ఆ పూటే చెట్లు కొట్టడానికి పిలిచిన కూలీలని వెనక్కి పంపేశాడు, ఆవిడ కసిరిందన్న సంగతే ఆయనకి గుర్తులేదు.

అమ్మ ఇప్పటికీ ఆ ఎఫ్ఎం వింటుంది. ఫోన్ మాత్రం చెయ్యదు.