స్పెల్లింగ్ తప్పులే కదా అని వదిలేయకండి

ప్రశ్న: నేను రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో స్పెల్లింగ్ తప్పులు చాలా కనిపిస్తున్నాయి. దిద్ది పంపాలని ఉంది కానీ, కోడ్ ఒక్క లైనూ రాయకుండా ఇలాంటివి పంపితే విసుక్కుంటారేమోనని టెన్షన్. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ ఒకేసారి మార్చేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా పంపండి. మామూలు వాక్యంలో అయితే ఒక అక్షరం అటూ ఇటూ అయినా చదివేవాళ్లు సర్దుకుపోతారు, కమాండ్‌లో అలా కుదరదు. 'రికర్సివ్' అనే ఆప్షన్‌లో ఒక అక్షరం ఎగిరిపోయిందనుకోండి, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి టెర్మినల్‌లో పెడతారు, అలాంటి ఆప్షనే లేదని ఎర్రర్ వస్తుంది, తప్పు డాక్యుమెంటేషన్‌ది అని వాళ్లకు తట్టదు, తమ ఇన్‌స్టలేషనే పాడైందనుకుని అంతా తీసేసి మళ్లీ మొదలుపెడతారు. ఆ తిప్పలు తప్పించడం చిన్న పని ఎలా అవుతుంది? లినక్స్ కెర్నల్ వాళ్లయితే తరచూ దొర్లే స్పెల్లింగ్ తప్పుల జాబితాను సోర్స్‌లోనే ఒక ఫైల్‌గా పెట్టుకున్నారు, ప్యాచ్‌లను, అంటే పంపిన కోడ్ మార్పులను, పరిశీలించే స్క్రిప్ట్ దాన్ని చూసే తప్పులు పట్టుకుంటుంది.

ఫైండ్ అండ్ రీప్లేస్ మాత్రం వద్దండి. తప్పుగా కనిపించే ప్రతిదాన్నీ దిద్దకూడదు. బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ, అందులో ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే 'రెఫరర్' హెడర్‌నే చూడండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ప్రకారం మధ్యలో రెండు ఆర్‌లు ఉండాలి, ఒక్కటే ఉంది. 1996లో హెచ్‌టీటీపీని వివరిస్తూ వచ్చిన 'ఆర్‌ఎఫ్‌సీ 1945' అనే పత్రంలో అలాగే ఉండిపోయింది, బ్రౌజర్లూ సర్వర్లూ అన్నీ ఆ స్పెల్లింగ్‌నే వాడుతున్నాయి కాబట్టి ఇప్పటికీ అదే. తర్వాత వచ్చిన 'రెఫరర్ పాలసీ' హెడర్‌లో మళ్లీ రెండు ఆర్‌లూ ఉన్నాయి! యూనిక్స్‌లో కొత్త ఫైల్ తయారుచేయమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే 'క్రియేట్' సిస్టమ్ కాల్‌కీ చివరి 'ఈ' లేదు. ఇలాంటి వాటిని డాక్యుమెంటేషన్‌లో దిద్దారంటే మీరే కొత్త తప్పు పెట్టినట్టు. అందుకే ఫంక్షన్ పేరైనా, ఆప్షన్ అయినా, ముందు కోడ్‌లో ఎలా ఉందో చూసుకోండి. అక్కడే తప్పుంటే అది వేరే విషయం, పేరు మారిస్తే దాన్ని వాడుతున్న వాళ్ల ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయి, కాబట్టి సమస్య ఇదీ అని విడిగా ఒక ఇష్యూ రాసి, ప్రాజెక్ట్ చూసుకునే మెయింటైనర్లకే వదిలేయండి. హెడింగ్‌లతోనూ జాగ్రత్త, చాలా చోట్ల హెడింగ్ అక్షరాల నుంచే లింక్ తయారవుతుంది, ఒక అక్షరం మార్చినా పాత లింకులు పనిచేయవు.

ఇంకో మాట. వెబ్‌సైట్‌లో కనిపించే పేజీ చాలాసార్లు కోడ్‌లోని కామెంట్ల నుంచి తయారైనదై ఉంటుంది, దిద్దాల్సింది ఆ కామెంట్‌ని. లేదంటే పేజీలను మళ్లీ తయారుచేసే తర్వాతి బిల్డ్‌లో పాత తప్పు మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

పంపేటప్పుడు ఒక్కో అక్షరానికి ఒక్కో పుల్ రిక్వెస్ట్ (మార్పు కలుపుకోమనే అభ్యర్థన) పెట్టకండి, అన్నీ కలిపి ఒకటే పంపండి. అందులో వాక్యాలు తిరగరాయడం, బ్రిటిష్ స్పెల్లింగ్‌ని అమెరికన్ చేయడం లాంటివి కలపొద్దు, చూసేవాళ్లకు అక్కడే చిరాకు. 'కోడ్‌స్పెల్' అనే ఉచిత టూల్ తప్పుల జాబితా ఇస్తుంది, అయినా ఒక్కొక్కటీ కంటితో చూశాకే మార్చండి.