సమాధానం: బోరు సర్వేలో పొరల నిరోధకత ఎగుడుదిగుడుగా వస్తే

నేలలోకి కరెంటు పంపి తీసిన కొలతల నుంచి ఒక్కో పొర నిరోధకతను (కరెంటును ఎంత అడ్డుకుంటుందో) లెక్కగట్టే మీ ప్రోగ్రాము పొంతన లేని విలువలు ఇస్తోందని అడిగారు. అందులో తప్పు లేకపోవచ్చు. ఉప్పల్ స్థలంలో తీసిన 20 కొలతలకూ ప్రోగ్రాము లెక్కగట్టిన గీత చక్కగా కలిసింది. అయినా ఒక పొర 5, పక్క పొర 9000 ఓమ్-మీటర్లు చూపుతోందన్నారు. కొలతల్లోని చిన్న దోషాన్నీ లెక్క పొరలుగా మార్చేస్తోంది. విలోమ సమస్యల (ఫలితం నుంచి కారణాన్ని వెతికే లెక్కల) స్వభావమే అది.

1. నిరోధకతకు బదులు దాని లాగరిథమ్ వాడండి.
2. ప్రోగ్రాము తగ్గించే మొత్తానికి పక్కపక్క పొరల తేడాకు జరిమానా, అంటే తేడా పెరిగేకొద్దీ పెరిగే అదనపు విలువ, చేర్చండి (దీన్ని టిఖొనోవ్ పద్ధతి అంటారు).
3. చాలామంది వదిలేసేది ఇదే: జరిమానా బరువును కంటికి నచ్చినట్టు పెట్టకండి. ఎలక్ట్రోడ్లను కదపకుండా నాలుగైదుసార్లు కొలిచి దోషం ఎంతో తెలుసుకోండి. ప్రతి కొలతకూ లెక్కకూ ఉన్న తేడాను ఆ దోషంతో భాగించి, వర్గాలు కూడండి. బరువు పెంచుతూ మొత్తం 20 (మీ కొలతల సంఖ్య) దగ్గరకు రాగానే ఆపండి. 2 దగ్గరే ఉందంటే మీరు దోషాన్నే గీస్తున్నారు.

జరిమానా వల్ల అడుగునున్న గ్రానైట్ పైఅంచు కాస్త మసకగా కనిపిస్తుంది, కంగారు పడకండి.