ఇంగ్లీషు పత్రికలు చదవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లీషు పత్రికల్లో ఏది మంచిదని అడిగావు. చదవబోయే పత్రిక ఎవరి చేతిలో ఉందో, అందులో వార్త ఎక్కడ ముగిసి అభిప్రాయం ఎక్కడ మొదలవుతుందో ముందు తెలుసుకుంటే, ఆ ప్రశ్నకు జవాబు నీకే దొరుకుతుంది.

1821లో మాంచెస్టర్‌లో పుట్టిన గార్డియన్ స్కాట్ ట్రస్టు అధీనంలో ఉంది కనుక లాభాలు వాటాదారులకు పోకుండా పత్రికకే తిరిగి వస్తాయి. వాషింగ్టన్ పోస్ట్‌ను 2013లో అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ కొన్నారు. లేత గులాబీ కాగితం మీద అచ్చయ్యే ఫైనాన్షియల్ టైమ్స్ 2015లో జపాన్ సంస్థ నిక్కీ పరమైంది. యజమాని పేరు తెలిసినంత మాత్రాన పత్రికను శంకించనక్కరలేదు. ఆ యజమాని వ్యాపారాలకు సంబంధించిన వార్త వచ్చినప్పుడు మాత్రం మరో పత్రికలో కూడా చూడు.

వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వార్తా విభాగం వేరు, సంపాదకీయ విభాగం వేరు. సంప్రదాయవాద ధోరణిగల ఆ సంపాదకీయాలను చదివి, వార్తలు కూడా అదే దృష్టితో రాస్తారనుకుంటే మంచి పరిశోధనాత్మక కథనాలను పోగొట్టుకుంటావు. 1843లో మొదలైన ఎకానమిస్ట్ దారి ఇందుకు పూర్తిగా భిన్నం. వారపత్రికే అయినా తనను వార్తాపత్రికగానే చెప్పుకొనే ఆ పత్రికలో వ్యాసాల కింద సాధారణంగా రచయిత పేరుండదు. వార్తా విశ్లేషణలోనే స్వేచ్ఛా వాణిజ్యాన్ని సమర్థించే దృక్పథం కలిసిపోయి ఉంటుంది. అంత బిగువైన వచనం నాకెంతో ఇష్టం, కానీ అది వాదిస్తున్నదన్న ఎరుకతోనే చదవాలి. టైమ్ పత్రిక చదవడం తేలిక. న్యూయార్కర్ దీర్ఘ వ్యాసాలు అద్భుతంగా ఉంటాయి, అయితే కొంత అలవాటయ్యాక వాటి జోలికి వెళ్లడం మేలు.

మొదట ఒక దినపత్రిక, ఒక వారపత్రిక చాలు. రోజూ ఒక్క వార్తను ఎంచుకుని, తెలియని ప్రతి మాటకూ నిఘంటువు తెరవకుండా చివరిదాకా చదువు. ముఖ్యాంశం సాధారణంగా మొదటి పేరాలోనే ఉంటుంది. వార్తలో ఎవరి మాటనైనా ఉటంకిస్తే, ఆ మాట అన్నది పేరున్న అధికారా, పేరు చెప్పడానికి ఇష్టపడని వ్యక్తా అన్నది గమనించు. ఆరోపణలకు అవతలి పక్షం ఇచ్చిన జవాబు చాలాసార్లు బాగా కిందికి ఉంటుంది కనుక సగంలో ఆపవద్దు. ఆ తరువాత అదే వార్తను న్యూయార్క్ టైమ్స్‌లోనో మరొక పత్రికలోనో తీసి, ఒకరు రాసి మరొకరు వదిలేసిన సంగతులేమిటో కాగితం మీద రాసుకో. పత్రిక తన తప్పులను సరిదిద్దుకుంటూ ప్రచురించే సవరణలను కూడా తప్పక చూడు.

శుభాశీస్సులతో,
నీ పెదనాన్న