మధ్యధరా తీరంలో ప్రశాంతమైన సెలవులు: కార్లోఫోర్తెకు వెళ్లి చూడండి

ఈ మధ్యనే జర్మనీకి వచ్చిన ఒక కుటుంబం అడిగిన సందేహం ఇది: "పిల్లలతో వారం రోజులు సముద్రం ఒడ్డున గడపాలని ఉంది. మేము శాకాహారులం, రద్దీ మాకు పడదు. ఇటలీలో ఎక్కడికి వెళ్లమంటారు?" అందరికీ తెలిసిన పేర్లు పక్కన పెట్టి, ఇటలీకి చెందిన పెద్ద దీవి సార్డీనియాకు నైరుతి మూలన సాన్ పియెత్రో అనే చిన్న దీవిలో ఉన్న కార్లోఫోర్తె అనే జాలరుల ఊరికి వెళ్లమని నా సలహా.

వెళ్లేముందు ఆ ఊరి పుట్టుక తెలుసుకోవడం మంచిది. 16వ శతాబ్దంలో ఇటలీ రేవు నగరం జెనోవా పక్కనున్న పెల్యీ నుంచి కొన్ని కుటుంబాలు పగడాల వేట కోసం ట్యునీసియా తీరంలోని తబర్కా దీవికి వలస వెళ్లాయి. దాదాపు రెండు వందల ఏళ్లు అక్కడ బతికాక, జీవనం కష్టమై వారిలో కొందరు 1738లో సార్డీనియా రాజు మూడవ కార్లో ఎమనుయేలే అనుమతితో ఈ దీవికి చేరి, ఆయన పేరు మీదనే ఊరు కట్టుకున్నారు. 1798లో ట్యునీసియా దోపిడీ ఓడలు వచ్చి సుమారు 900 మందిని బానిసలుగా పట్టుకుపోగా, బతికి ఉన్నవారికి 1803లో గాని విముక్తి కలగలేదు. ఆ చెరలో ఉన్న ఒక యువకుడికి దొరికిందని చెప్పుకొనే మరియమాత చెక్క విగ్రహాన్ని ఊళ్లోని ఇరుకు వీధిలో ఒక చిన్న చర్చిలో నేటికీ కొలుస్తారు. ఇన్ని చోట్లు మారినా వారు తమ జెనోవా భాషను వదులుకోలేదు. తబర్కీనో అని పిలిచే ఆ భాష ఇళ్లలోనే కాక వీధుల్లోనూ, రేవులోనూ వినిపిస్తుంది. పిల్లలకు తెలుగు నిలుస్తుందా అని దిగులుపడే తల్లిదండ్రులు ఆ ఊళ్లో నాలుగు రోజులు ఉండి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

భోజనం విషయంలో భయపడనక్కరలేదు. ఊరికి పేరు తెచ్చింది ట్యూనా చేపే అయినా, శాకాహారులు తినగలిగేవీ ఉన్నాయి. ఉత్తర ఆఫ్రికా నుంచి వెంట తెచ్చుకున్న కస్కస్‌ను అక్కడ కాస్కా అంటారు. సన్నని గోధుమ రవ్వను ఆవిరి మీద ఉడికించి, శనగలు, క్యాబేజీ, ఇతర కూరగాయలు కలిపి వడ్డిస్తారు. జెనోవా వంటకమైన ఫరినాతాకు కావలసినవి శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె మాత్రమే. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసి, బాగా కాలిన పొయ్యిలో పెడితే అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా వస్తుంది. మన దిబ్బరొట్టెకు పలుచని చెల్లెలిలా ఉండే ఆ రొట్టెను పిల్లలు వేడివేడిగా ఇష్టంగా తింటారు. అయితే కాస్కాలో మాంసం గాని, చేప గాని కలిపారేమో వడ్డించే ముందే అడగండి. మధ్యాహ్నం దుకాణాలు కొన్ని గంటలు మూసేస్తారు, రాత్రి భోజనం ఏడున్నర దాటితే గాని దొరకదు కాబట్టి, పిల్లలకు చిరుతిళ్లు దగ్గర ఉంచుకోవాలి.

ఆగస్టులో ఇటలీ అంతా సముద్రతీరాలకే తరలుతుంది. ఆ నెల వద్దు. బడి సెలవులు కుదిరితే జూన్, సెప్టెంబరు నెలలు ఉత్తమం.

జర్మనీ నివాస అనుమతి ఉన్నవారు ఇటలీలో 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో ఉంటున్న భారతీయులు మాత్రం ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా తీసుకోవాలి. పాస్‌పోర్టు, నివాస కార్డు అసలువే వెంట ఉండాలి. బస చేసేచోట పోలీసు నమోదు కోసం వాటిని అడుగుతారు.

సార్డీనియా రాజధాని కాల్యరి విమానాశ్రయంలో దిగి, రోడ్డు మార్గాన పోర్తోవేస్మె రేవుకు చేరి, అక్కడ ఫెర్రీ ఎక్కితే అరగంటకు కాస్త పైగా పడుతుంది. కార్లను కూడా ఎక్కించుకుంటారు. వాయవ్యం నుంచి వీచే మాయెస్త్రాలె గాలి తీవ్రమైతే ఫెర్రీలు ఆగిపోవచ్చు. ఆ గాలి వీచే రోజుల్లో పడమటి తీరపు రాళ్ల దగ్గర పిల్లలను నీళ్లలోకి దించవద్దు. ఈత వచ్చిన పెద్దలు కూడా దిగకూడదు. తిరుగు ప్రయాణంలో చివరి రాత్రి కాల్యరిలోనే బస పెట్టుకుంటే, గాలి వల్ల ఫెర్రీ ఆలస్యమైనా విమానం తప్పిపోదు.