అమ్మలూ, తాళం కంటే ముందు తెరిచే సంగతి చూడు

అమ్మలూ,

నువ్వు అసిస్టెంట్ ప్రిన్సిపల్ అయ్యావనీ, వచ్చీ రాగానే బడి వేళల్లో పిల్లల ఫోన్లు పెట్టి తాళం వేసే సంచులు, అదే పౌచ్‌లు, కొనే కమిటీలో వేశారనీ మీ నాన్న చెప్పాడు. ఆ సాయంత్రం కనిపించినవాళ్ళందరికీ నీ గురించే చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. టెక్సస్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఆ సంచుల వెనక ఎన్ని తలనొప్పులుంటాయో నాకు తెలుసు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. శాంపిల్స్ తెప్పించి, మీ బడిలో అందరికంటే పెద్ద ఫోన్‌ని లావు కేసుతో సహా పెట్టి చూడు. ప్రతి సంచికీ నంబరు ఉండాలి. పోగొట్టుకుంటే డబ్బు ఎవరు కట్టాలో ముందే రాసి పెట్టు. బడి వేళల్లో పిల్లలు ఫోన్లు వాడకూడదని 2025లో వచ్చిన మన టెక్సస్ చట్టం, హెచ్‌బీ 1481 ప్రకారం స్మార్ట్ వాచీలు కూడా లెక్కలోకే వస్తాయి, అవి మర్చిపోకు. క్లాసు గోడకి వేలాడదీసే జేబుల చార్టు చవకే, కానీ అందులోంచి ఒక్క ఫోన్ పోయినా టీచరు మెడకి చుట్టుకుంటుంది. నాకది నచ్చదు.

ఇక యోండర్ కంపెనీవి లాంటి, అయస్కాంతానికి తాకిస్తే తెరుచుకునే తాళం సంచులు ఒక్కో విద్యార్థికి 25–30 డాలర్ల దాకా అవుతాయి. అంత పెట్టి కొన్నా తెరవలేని తాళం ఉండదని ముందే తెలుసుకో. కొందరు బల్లకేసి కొట్టి పిన్ను వంచుతారు, కొందరు ఆన్‌లైన్‌లో అయస్కాంతం తెప్పించుకుంటారు, మరికొందరు పాత ఫోన్ సంచిలో పడేసి అసలుది సాక్సులో దాస్తారు. వాళ్ళని తిట్టే ముందు మీ నాన్నని తలుచుకో. విజయవాడ ఇంట్లో బిల్లుకి భయపడి మీ తాతయ్య ఫోన్ డయల్ చిల్లులో చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవారు. మీ నాన్న రిసీవర్ పెట్టే మీటని టకటకా తట్టి, అంకె ఎంతైతే అన్ని దెబ్బలు కొట్టి, నంబరు కలిపేవాడు. అంతా క్రికెట్ స్కోరు కోసమే! తాతయ్య చివరిదాకా మీటరు తప్పు తిరుగుతోందనే అనుకున్నారు. పదిమందిలో ఎనిమిదిమంది ఆగితే చాలు, మిగతా ఇద్దరి కోసం పోలీసు అవతారం ఎత్తకు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది.

చట్టం రాకముందు సంగతి. నేను పనిచేసిన ఒక మిడిల్ స్కూల్లో సిగ్నల్‌ని పూర్తిగా ఆపే సంచులు కొన్నారు. అమ్మడానికి వచ్చినాయన ప్రిన్సిపల్ ఫోన్‌ని సంచిలో పెట్టి, ఆవిడ నంబరుకి కాల్ చేసి చూపించాడు. రింగ్ కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనా కమిటీలో లేను. ఉన్నా చప్పట్లు కొట్టేదాన్నే.

ఏడో తరగతిలో టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్ల ఒకతి ఉండేది. చేతికి సెన్సర్. అది ఐదేసి నిమిషాలకి చక్కెర ఎంతుందో బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపుతుంది. ఆ ఫోన్ ఆఫీసులో ఉన్న వాళ్ళమ్మ ఫోన్‌కి అందిస్తుంది. సంచి ఆ రెండు దారులూ మూసేసింది. ఆ పిల్లకి మినహాయింపు కాగితం ఉంది. కానీ చూపించలేదు. పన్నెండేళ్ళ పిల్ల, క్లాసులో తనొక్కతే ఫోన్ బయట పెట్టుకుని కూర్చోవాలంటే సిగ్గు. అందరితో పాటే సంచిలో వేసి తాళం పెట్టేసింది. తల్లి ఫోన్‌లో అంకెలు ఆగిపోయాయి. ఆవిడ బడికి ఫోన్ చేస్తే లంచ్ వేళ, ఎవరూ ఎత్తలేదు. కారు తీసుకుని బయల్దేరింది. ఇక్కడ చక్కెర పడిపోయి పిల్ల బల్లమీద తల వాల్చేసింది. టీచరు నిద్ర అనుకుంది. పక్క పిల్ల చెయ్యి పట్టుకుని చూసి, చెమటలు పట్టి చల్లగా ఉందని నర్స్ దగ్గరికి పరిగెత్తింది. జ్యూస్ తాగించారు, తేరుకుంది. తల్లి వచ్చేసరికి లేచి కూర్చుని ఉంది. ఆ తల్లి ఎవరినీ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. ఆ సంచులన్నీ స్టోర్‌రూమ్‌కి చేరాయి.

కొనే ముందు నర్స్‌ని ఎవరూ అడగలేదమ్మా. నువ్వు మొదట ఆవిడనే కమిటీలో కూర్చోబెట్టు. సిగ్నల్ ఆపే సంచి ఎవరు చూపించినా వద్దను. మామూలు తాళం సంచి సిగ్నల్‌ని ఆపదు, లోపల అలారం మోగినా వినిపిస్తుంది. మినహాయింపు ఉన్న పిల్లలకి తాళం బదులు వెల్క్రో ఉన్న సంచి ఇప్పించు. అదే రంగు, అదే సైజు. దూరం నుంచి చూస్తే తేడా తెలియకూడదు. ఈ రంగు విషయంలో మాత్రం ఎవరితోనూ రాజీ పడకు.

పేరెంట్స్ మీటింగ్‌లో మన టెక్సస్‌లోనే యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల ప్రస్తావన తప్పకుండా వస్తుంది. 2022 మే 24న ఆ క్లాసుగదిలోంచి పిల్లలే పోలీసుల కోసం 911కి ఫోన్ చేశారు. ఈ రాష్ట్రంలో ఆ మాట ఎత్తిన తల్లికి అంకెలు చెప్పి వాదించకు. ప్రతి గదిలో గట్టి కత్తెర ఉంటుందనీ, అవసరమైతే సంచి కోసెయ్యమని టీచర్లకి చెప్పామనీ చెప్పు. పాతిక డాలర్ల గుడ్డ పోతే పోయింది. ఈ భయం నాకే ఎక్కువని నువ్వు నవ్వుతావు. నవ్వుకో, కత్తెరలు మాత్రం కొను.

సాయంత్రం బడి వదిలే వేళ కూడా చూసుకో. తెరిచే అయస్కాంతాలు ముందు గుమ్మం దగ్గర రెండే పెడితే వందలమంది అక్కడే ఇరుక్కుంటారు, బస్సులు వెళ్ళిపోతాయి. బస్సు వైపు, జిమ్ వైపు, కార్ల లైను వైపు విడివిడిగా పెట్టించు. మొదటి వారం అక్కడ నువ్వే నిలబడు. ఆ వారం మధ్యాహ్నం భోజనం మానేసి కాఫీతో సరిపెట్టావని తెలిస్తే ఊరుకోను, నీ సంగతి నాకు తెలుసు.

కొటేషన్ మీద సంతకం పెట్టకముందు నాకు ఫొటో తీసి పంపు. పోయిన సంచుల ఖరీదు, రెండో ఏడాది చార్జీలు చిన్న అక్షరాల్లో ఎక్కడో రాసి ఉంటాయి, నా కళ్ళద్దాలతో నేను వెతుకుతాను. ఆదివారం మీ నాన్న కూడా లైన్‌లో ఉంటాడు, ఆ క్రికెట్ స్కోరు సంగతి అప్పుడే అడుగు.

మీ అత్త